టోర్నడోల ఏటేటి లెక్క: అమెరికా తీవ్ర వాతావరణ గణాంకాలు, వాటి పోలిక

అమెరికా టోర్నడోల రికార్డులో 1950 ఎదురుగా 201 అనీ, 2004 ఎదురుగా 1,817 అనీ ఉంటుంది. రెండూ అధికారిక అంకెలే. యాభై నాలుగేళ్ళలో అక్కడి ఆకాశం తొమ్మిది రెట్లు ఉగ్రరూపం దాల్చిందా అంటే, లేదు. చూసేవాళ్ళు పెరిగారు, చూసింది చెప్పే సాధనాలు పెరిగాయి, చెప్పింది రాసుకునే పద్ధతులు మారాయి. ఒక ఏడాది లెక్కను మరో ఏడాది లెక్కతో పోల్చేవారికి అసలు పని ఇక్కడే ఉంది: గాలిలో వచ్చిన మార్పెంత, చిట్టాలో వచ్చిన మార్పెంత అన్నది విడదీయాలి.

టోర్నడోలు అన్నిటికంటే ఎక్కువగా పుట్టేదీ, వాటిని అందరికంటే ఓపికగా లెక్కపెట్టేదీ అమెరికాయే. ఈమధ్య దశాబ్దాల్లో అక్కడ ఏటా సగటున 1,200 పైచిలుకు నమోదవుతున్నాయి. గల్ఫ్ ఆఫ్ మెక్సికో నుంచి వేడి తేమగాలి, పడమటి ఎత్తు ప్రాంతాల నుంచి పొడిగాలి మధ్య మైదానాల మీద కలుస్తాయి. వాటి పైన జెట్ స్ట్రీమ్ వేగంగా వీస్తుంటుంది. నేల దగ్గర గాలి ఒక దిక్కుకు, పైన ఇంకో దిక్కుకు, ఇంకా ఎక్కువ వేగంతో వీస్తే ఉరుముల మేఘం మొత్తం తిరగడం మొదలుపెడుతుంది. అలా తిరిగే మేఘాల్లో కొన్నిటి కిందే టోర్నడో నేలను తాకుతుంది. మే నెల దీనికి పతాక మాసం. అయితే ఏ నెలనూ పూర్తిగా నమ్మడానికి లేదు. 2021 డిసెంబర్ ఒక్క నెలలోనే 200కు పైగా వచ్చాయి, కెంటకీలోని మేఫీల్డ్ పట్టణం ఆ నెలలోనే నేలమట్టమైంది.

ఏది లెక్కలోకి వస్తుంది

అమెరికా పరిభాషలో 'తీవ్ర' ఉరుముల వాన అంటే మూడింటిలో ఒకటైనా ఉండాలి: టోర్నడో, గంటకు 58 మైళ్ళు (సుమారు 93 కిలోమీటర్లు) లేదా అంతకు మించిన గాలి, ఒక అంగుళం లేదా అంతకు మించిన వడగళ్ళు. మెరుపులు ఎన్ని మెరిసినా, వాన ఎంత కుండపోతగా కురిసినా ఈ పట్టికలోకి రావు. పిడుగులకు, వరదలకు వేరే ఖాతాలున్నాయి.

చూసినవాళ్ళు నేషనల్ వెదర్ సర్వీస్ స్థానిక కార్యాలయానికి చెబుతారు. చెప్పేది పోలీసు కావచ్చు, అగ్నిమాపక సిబ్బంది కావచ్చు, శిక్షణ పొందిన స్కైవార్న్ వాలంటీరు కావచ్చు, కారులో తుపాను వెంట పరిగెత్తే ఔత్సాహికుడూ కావచ్చు. కార్యాలయం దాన్ని వెంటనే ఒక నివేదికగా పంపుతుంది. ఓక్లహోమా రాష్ట్రం నార్మన్‌లోని స్టార్మ్ ప్రెడిక్షన్ సెంటర్ ఆ నివేదికలను కూడి ఏ రోజు అంకె ఆ రోజే ప్రకటిస్తుంది. ఇది ప్రాథమిక లెక్క. తర్వాత సిబ్బంది వెళ్ళి నష్టాన్ని పరిశీలించి, ఒకే టోర్నడో గురించి వచ్చిన నాలుగైదు నివేదికలను ఒకటిగా కలిపి, మామూలు ఈదురుగాలి నష్టాన్ని టోర్నడో అనుకున్న కేసులను తీసేసి, తుది రికార్డు తయారుచేస్తారు. అది కొన్ని నెలల తర్వాత నార్త్ కరోలినాలోని ఆష్‌విల్‌లో ఉన్న జాతీయ పర్యావరణ సమాచార కేంద్రం ప్రచురణ 'స్టార్మ్ డేటా'లో కనిపిస్తుంది.

పత్రికల్లో వచ్చే పోలికలు ఎక్కువగా ఇక్కడే దారి తప్పుతాయి. ఈ ఏడాది మే చివరికి వచ్చిన ప్రాథమిక నివేదికలను గత ఏళ్ళ తుది సగటుతో పోల్చి 'రికార్డు దిశగా' అని శీర్షిక పెడతారు. ఒకవైపు ఉన్నది నివేదికల సంఖ్య, మరోవైపు ఉన్నది టోర్నడోల సంఖ్య. రెండూ ఒకటి కావు. నార్మన్ కేంద్రం తన పోలిక పట్టికల్లో ప్రాథమిక సంఖ్యను 0.85తో గుణించి వాడేది, అంటే పదిహేను శాతం తరుగు తీసేది. పైగా 2011 మార్చి దాకా దగ్గర దగ్గర చోట్ల నుంచి, దగ్గర దగ్గర సమయాల్లో వచ్చిన నివేదికలను వడగట్టి ఒకటిగా రాసేవారు. ఆ జల్లెడ తీసేశాక ప్రాథమిక సంఖ్యలు సహజంగానే పెరిగాయి. అంతకు ముందూ ఆ తర్వాతా వచ్చిన ప్రాథమిక అంకెలను ఒకే గీత మీద గీయడం పొరపాటు.

ఫిన్లీ లెక్క

టోర్నడో గణాంకాలతో ఎంత జాగ్రత్తగా ఉండాలో చెప్పే పాఠం చాలా పాతది. అమెరికా సైన్యపు సిగ్నల్ కోర్‌లో పనిచేసిన జాన్ పార్క్ ఫిన్లీ టోర్నడోల సమాచారం కోసం దేశమంతటా వేగులను ఏర్పరచుకున్న తొలి వ్యక్తి. ఆయన 1884లో ఏ ప్రాంతంలో ఏ రోజు టోర్నడో వస్తుందో, ఎప్పుడు రాదో ముందుగా రాసిపెట్టే ప్రయోగం చేశాడు. మొత్తం 2,803 అంచనాలు. తన అంచనాలు 96.6 శాతం నిజమయ్యాయని ప్రకటించాడు.

భూగర్భ శాస్త్రవేత్త గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్ ఆ పట్టికను విప్పి చూశాడు. వస్తుందని ఫిన్లీ చెప్పినవి 100, అందులో నిజంగా వచ్చినవి 28. చెప్పకుండా వచ్చినవి 23. మిగతా 2,680 సందర్భాల్లో రాదన్నాడు, రాలేదు. ఆ శాతాన్ని అంత ఎత్తుకు లేపింది ఈ 'రాదు, రాలేదు' గుట్టే. ఏమీ తెలియని మనిషి ఆ 2,803 సార్లూ 'రాదు, రాదు' అంటూ కూర్చున్నా 98.2 శాతం ఒప్పు అయ్యేవాడు. అంచనాల నాణ్యతను కొలిచే శాస్త్రమంతా ఈ వాదం నుంచే మొదలైందంటే అతిశయోక్తి కాదు. ఆ రోజుల్లో మాత్రం ఫలితం వేరేగా వచ్చింది. ప్రజలు భయపడతారన్న పేరుతో దశాబ్దాల పాటు అధికారిక సూచనల్లో టోర్నడో మాటే వాడనివ్వలేదు. ఆ నిషేధం 1938 దాకా సడలలేదు.

ముందుగా చెప్పడం వీలేనని మళ్ళీ నిరూపించింది ఓక్లహోమాలోని టింకర్ వైమానిక స్థావరం. 1948 మార్చి 20న అక్కడ ఒక టోర్నడో విమానాలను ధ్వంసం చేసింది. అయిదు రోజులకే, మార్చి 25న, అదే రకం వాతావరణాన్ని గుర్తుపట్టిన ఎర్నెస్ట్ ఫాబుష్, రాబర్ట్ మిల్లర్ అనే ఇద్దరు అధికారులు ముందే హెచ్చరిక ఇచ్చారు. ఆ సాయంత్రం టోర్నడో సరిగ్గా అదే స్థావరం మీదికి వచ్చింది. 1952లో పౌర వాతావరణ శాఖ కూడా దీనికోసం ప్రత్యేక విభాగం పెట్టింది. నేటి స్టార్మ్ ప్రెడిక్షన్ సెంటర్‌కు మూలం అదే. క్రమబద్ధమైన టోర్నడో రికార్డు 1950తో మొదలవడానికి కారణం ఈ కాలంలో పుట్టిన ఆసక్తే.

అంకెలు ఎందుకు ఉబ్బాయి

1950ల్లో కాన్సాస్ గోధుమ పొలాల నడుమ అయిదు నిమిషాలు తిరిగి, ఒక్క కంచెనూ పడగొట్టకుండా మాయమైన టోర్నడో ఎవరి లెక్కలోనూ లేదు. రైతు చూసినా చెప్పాలంటే ఫోను దూరం, చెప్పవలసినంత నష్టమూ లేదు. 1970ల్లో స్కైవార్న్ వాలంటీర్ల వ్యవస్థ వచ్చింది. 1973లో తొలిసారి వార్షిక సంఖ్య వెయ్యి దాటి 1,102కు చేరింది. 1990ల్లో డాప్లర్ రాడార్ల వల దేశమంతా పరుచుకుంది. మేఘం లోపలి తిరుగుడు రాడార్ తెరపై కనబడటంతో, ఎక్కడ వెతకాలో సిబ్బందికి ముందే తెలిసింది. 1996లో 'ట్విస్టర్' సినిమా వచ్చాక తుపానుల వెంట కార్లలో వెళ్ళడం ఒక వినోదమే అయింది. తర్వాత ప్రతి జేబులో కెమెరా ఉన్న ఫోన్. ఇన్ని కళ్ళకు కొత్తగా దొరికినవి దాదాపు అన్నీ బలహీనమైన, కొద్దిసేపటి టోర్నడోలే.

అందుకే పరిశోధకులు నష్టాన్ని బట్టి టోర్నడోలకు ఇచ్చే తరగతుల్లో అట్టడుగుదాన్ని పక్కన పెట్టి, కనీసం ఒకటో తరగతి నష్టం చేసినవాటినే లెక్కిస్తారు. అప్పుడు ఆ నిటారు గీత చదునవుతుంది. 1950ల నుంచి ఇప్పటిదాకా చెప్పుకోదగ్గ పెరుగుదల కనబడదు.

ఫుజిటా తూకం

ఆ తరగతులను ఇచ్చింది షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన జపాన్ శాస్త్రవేత్త తెత్సుయా ఫుజిటా. 1971లో ఆయన ప్రతిపాదించిన ఎఫ్ స్కేలులో సున్నా నుంచి అయిదు దాకా మెట్లు. 2007 ఫిబ్రవరి నుంచి దాన్ని సవరించిన ఈఎఫ్ స్కేలు అమల్లోకి వచ్చింది. అందులో సున్నా గంటకు 105 కిలోమీటర్ల దగ్గర మొదలవుతుంది, అయిదు అంటే 322 దాటాలి. పేరుకు గాలి వేగం, నిజానికి కొలిచేది నష్టం. కూలిన గోడను, లేచిపోయిన కప్పును, విరిగిన చెట్టును చూసి వేగాన్ని అంచనా కడతారు.

ఇందులోంచి రెండు చిక్కులు వస్తాయి. మొదటిది పాత ఏళ్ళది. 1950 నుంచి 1970ల మధ్య దాకా ఉన్న టోర్నడోలకు తరగతులు అప్పటికప్పుడు ఇచ్చినవి కావు. 1970ల చివర్లో విద్యార్థులను పెట్టి పాత పత్రికలు చదివించి ఇచ్చినవి. పత్రిక వేసేది అన్నిటికంటే ఘోరంగా కూలిన ఇంటి ఫొటోనే కాబట్టి ఆ కాలపు తరగతులు కాస్త ఎక్కువగానే పడ్డాయని పరిశోధకుల అభిప్రాయం. నాలుగు, అయిదు తరగతుల టోర్నడోలు ఆ రోజుల్లోనే ఎక్కువ అనిపించడానికి ఇదొక ముఖ్య కారణం.

రెండోది నేటికీ ఉంది: కూల్చడానికి ఏమీ లేని చోట టోర్నడోకు తరగతి రాదు. 2013 మే 31న ఓక్లహోమాలోని ఎల్ రీనో దగ్గర 4.2 కిలోమీటర్ల వెడల్పున ఒక టోర్నడో సాగింది. అంత వెడల్పు అమెరికాలో మరి దేనికీ నమోదు కాలేదు. సంచార రాడార్లు అందులో గంటకు దాదాపు 480 కిలోమీటర్ల గాలిని కొలిచాయి. దారిలో ఉన్నది ఎక్కువగా పొలాలే. రికార్డులో దాని తరగతి మూడు. దానికి పదకొండు రోజుల ముందు, మే 20న, అదే రాష్ట్రంలోని మూర్ పట్టణంలో 24 మందిని చంపిన టోర్నడోకు అయిదో తరగతి దక్కింది. ఆ తర్వాత పన్నెండేళ్ళు అమెరికాలో అయిదో తరగతి అన్నదే లేదు. గాలి మెత్తబడిందా, కొలిచేవాళ్ళు కఠినమయ్యారా అని ఆ పన్నెండేళ్ళూ చర్చ నడిచింది. ఇంటి గోడను పునాదికి బిగించిన బోల్టులు సరిగా ఉన్నాయా లేదా అన్నదాకా చూస్తున్నారు, కట్టుబడి నాసిగా ఉంటే తరగతి తగ్గుతుంది. చివరికి 2025 జూన్ 20న నార్త్ డకోటాలోని ఎండర్లిన్ దగ్గర వచ్చిన టోర్నడోకు ఆ తరగతి ఇచ్చారు. అదైనా కొన్ని నెలల పరిశీలన తర్వాతే. అక్కడ సాక్ష్యం చెప్పినవి ఇళ్ళు కావు, గాలికి ఎగిరిపడ్డ రైలు వ్యాగన్లు.

గాలి, వడగళ్ళు

తీవ్ర గాలుల నివేదికల్లో అత్యధిక భాగం కొలతలు కావు, కంటి అంచనాలు. మనిషి తన మొహానికి కొట్టిన గాలిని ఎక్కువ చేసి చెప్పడం సహజం. అంకెలేని చోట పడిన చెట్టే సాక్ష్యం. తూర్పు రాష్ట్రాల్లో చెట్లు, జనం ఎక్కువ, నివేదికలూ ఎక్కువే. పడమటి మైదానాల్లో పడటానికి చెట్టుండదు, అక్కడ యంత్రం కొలిస్తేనే లెక్క. పటం మీద చుక్కలు పెట్టి చూస్తే ఊళ్ళూ హైవేలూ ఆనవాలు పట్టేలా కనిపిస్తాయి.

వడగళ్ళ కథ ఇంకా తమాషాగా ఉంటుంది. చేతిలో స్కేలు పట్టుకుని నిలబడేవాళ్ళు అరుదు కాబట్టి, క్వార్టర్ నాణెమంత, గోల్ఫ్ బంతంత, బేస్‌బాల్ అంత అని చెబుతారు. అవి వరుసగా ఒక అంగుళం, 1.75, 2.75 అంగుళాలుగా రికార్డుకెక్కుతాయి. ఫలితంగా లక్షల నివేదికలను పరిమాణం ప్రకారం గీస్తే ఆ మూడు చోట్ల నిటారుగా శిఖరాలు లేచి, మధ్యలో లోయలు పడతాయి. ప్రకృతి నాణేల అచ్చు చూసుకుని వడగళ్ళు తయారుచేయదు కదా. సౌత్ డకోటాలోని వివియన్‌లో 2010 జూలైలో పడిన ఎనిమిది అంగుళాల వడగల్లును మాత్రం నిజంగానే కొలిచి తూచారు. బరువు 880 గ్రాములు. అదే ఏడాది జనవరి నుంచి దేశమంతటా తీవ్ర వడగల్లు హద్దును ముప్పావు అంగుళం నుంచి ఒక అంగుళానికి పెంచారు. 2009, 2010 వడగళ్ళ సంఖ్యలను నేరుగా పక్కపక్కన పెట్టేవారు ఈ గీతను దాటుతున్నామని గుర్తుంచుకోవాలి.

మూడు సంవత్సరాలు

సంఖ్యలో 2004దే రికార్డు. ఆ ఏడాది మే నెల ఒక్కదానిలోనే 500 దాటాయి. సెప్టెంబర్‌లో ఫ్రాన్సెస్, ఐవన్ హరికేన్లు తీరం దాటుతూ ఒక్కొక్కటీ వందకు పైగా టోర్నడోలను విసిరాయి. హరికేన్ వెంట వచ్చేవి చాలావరకు చిన్నవి. అన్నీ కలిపితే ఏడాది మొత్తం మృతులు నలభై లోపే. దీని తర్వాతి స్థానం 2024ది, 1,700 దాటాయి.

2011లో సంఖ్య సుమారు 1,700, అంటే 2004 కంటే తక్కువ. మృతులు 553 మంది. ఏప్రిల్ ఒక్క నెలలో 750కి పైగా వచ్చాయి. అంతకు ముందు ఏప్రిల్ రికార్డు 1974లోని 267. ఏప్రిల్ 27న ఒక్కరోజే అలబామా, చుట్టుపక్కల రాష్ట్రాల్లో 300 మందికి పైగా చనిపోయారు. మే 22న మిస్సోరీలోని జాప్లిన్ పట్టణంలో ఒకే టోర్నడో 158 మందిని బలిగొంది. ఆ మరుసటి ఏడాది కరవు పడి మైదానాలు ఎండాయి. 2012, 2013, 2014 మూడేళ్ళూ టోర్నడోలు వెయ్యి లోపే. ఏడాదికేడాది ఇంత ఊగిసలాట ఉన్న వరుసలో రెండేళ్ళను మాత్రమే తీసుకుని ధోరణి చెప్పడం సాహసమే.

ఇక 2018. టోర్నడోలు 1,100 పైనే, నాలుగో తరగతి గానీ అయిదో తరగతి గానీ ఒక్కటీ లేదు, మృతులు పదిమంది. 1950 నుంచి అంత తక్కువ ఎప్పుడూ లేదు. 2019 మార్చి 3న అలబామాలోని లీ కౌంటీలో ఒక్క టోర్నడో ఒక్క మధ్యాహ్నం 23 మందిని పొట్టన పెట్టుకుంది. ఏడాది మొత్తం ఎన్ని వచ్చాయన్నదానికీ, ఎంతమంది పోయారన్నదానికీ పొంతన ఎంత తక్కువో ఈ మూడేళ్ళు చాలు. బలమైనది జనం మధ్యకు వచ్చిందా, రాత్రివేళ వచ్చిందా, పునాది లేని మొబైల్ ఇళ్ళ మీద పడిందా అన్నదే మృతుల సంఖ్యను నిర్ణయిస్తుంది.

దీర్ఘకాలంలో మాత్రం మరణాల గీత కిందికే వాలింది. 1925 మార్చి 18న మిస్సోరీ, ఇల్లినాయ్, ఇండియానా రాష్ట్రాల మీదుగా 350 కిలోమీటర్లు సాగిన టోర్నడో 695 మందిని చంపింది. ఆ ఏడాది జనాభాలో పది లక్షలకు ఇద్దరికి దగ్గరగా ఉన్న మరణాల ధోరణి 2000 నాటికి పది లక్షలకు 0.12కు పడిపోయిందని వాతావరణ శాస్త్రవేత్తలు హెరాల్డ్ బ్రూక్స్, చార్లెస్ డాస్‌వెల్ లెక్కగట్టారు.

పనికొచ్చే పోలికలు

వట్టి సంఖ్యకు బదులు పరిశోధకులు ఎంచుకున్న కొలతల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది 'టోర్నడో రోజుల' లెక్క. ఒక రోజున ఒకటి వచ్చినా వంద వచ్చినా అది ఒక రోజే కాబట్టి, చూసేవాళ్ళ సంఖ్య పెరిగినా ఇది అంతగా ఉబ్బదు. బ్రూక్స్, గ్రెగరీ కార్బిన్, పాట్రిక్ మార్ష్ 2014లో ప్రచురించిన పరిశీలనలో ఒకటో తరగతి, ఆపై టోర్నడోలు వచ్చిన రోజులు 1970ల తొలినాళ్ళలో ఏటా 150 దాకా ఉండగా, 2000ల దశాబ్దంలో 100కు దగ్గరపడ్డాయి. అదే సమయంలో ఒకే రోజున ముప్పై, అంతకు మించి విరుచుకుపడే రోజులు పెరిగాయి. వార్షిక మొత్తం కదలనట్టే కనిపిస్తుంది, దాని లోపలి అమరిక మాత్రం మారిపోయింది. చోటు కూడా మారుతోంది: 2018లో విక్టర్ జెన్సినీ, బ్రూక్స్ చూపినదాని ప్రకారం టెక్సస్, ఓక్లహోమా మైదానాల్లో అనుకూల పరిస్థితులు తగ్గుతూ, మిసిసిపీ, అలబామా, టెనెసీ వైపు పెరుగుతున్నాయి. అక్కడ అడవులు, కొండలు, రాత్రి టోర్నడోలు, మొబైల్ ఇళ్ళు ఎక్కువ. దీన్నంతా భూతాపానికి నేరుగా అంటగట్టడానికి రికార్డు ఇంకా చిన్నది, మరకలున్నది.

డబ్బు లెక్క అన్నిటికంటే మోసకారి. గాలి మారకపోయినా, దాని దారిలోకి ఇళ్ళు వచ్చి నిలబడితే నష్టం పెరుగుతుంది. తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడిన డల్లస్ ఉత్తర శివార్లే దీనికి మంచి ఉదాహరణ. ఫ్రిస్కో, ప్లేనో ఊళ్ళు విస్తరించిన కాలిన్ కౌంటీ జనాభా 1990లో 2.64 లక్షలు, 2020లో 10.6 లక్షలు. ఒకప్పుడు పచ్చిక మీద పడి కరిగిపోయిన వడగళ్ళు ఇప్పుడు షింగిల్ కప్పుల మీద, కార్ల మీద పడి బీమా క్లెయిములవుతున్నాయి. వసంతం వస్తే అక్కడి మనవాళ్ళ మాటల్లో రూఫ్ రీప్లేస్‌మెంట్ ప్రస్తావన రాకమానదు.

ఇతర దేశాలు, మన లెక్క

కెనడాలో 2017లో మొదలైన నార్దర్న్ టోర్నడోస్ ప్రాజెక్ట్ ఉపగ్రహ చిత్రాల్లో అడవి మధ్య పడిపోయిన చెట్ల చాళ్ళను వెతికి, ఎవరూ చూడని టోర్నడోలను రికార్డులోకి తెస్తోంది. మృతుల సంఖ్యలో ప్రపంచంలోనే అతి ఘోరమైనది మాత్రం బంగ్లాదేశ్‌ది. 1989 ఏప్రిల్ 26న దౌలత్‌పూర్, సాటూరియా ప్రాంతంలో ఒక టోర్నడోకు సుమారు 1,300 మంది బలయ్యారని అంచనా.

భారతదేశంలో పాతుకున్న పద్ధతి ఘటనలను కాక వాటి పర్యవసానాలను లెక్కించడం. జాతీయ నేర నమోదు సంస్థ ప్రమాద మరణాల నివేదికలో పిడుగుపాటు మృతులకు వేరే గడి ఉంది. 2020, 2021, 2022 మూడేళ్ళలోనూ ఆ సంఖ్య 2,800 దాటింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వేసవి ఈదురుగాలులు, వడగళ్ళ వానలు వ్యవసాయ, ఉద్యాన శాఖల పంట నష్టం జాబితాల్లో ఎకరాలుగా కనిపిస్తాయి. ఆ జాబితాకూ ఒక హద్దుంది, అదీ మారింది. 2015 దాకా సగం పంట పోతేనే సాయానికి అర్హత. ఆ ఏడాది కేంద్రం దాన్ని 33 శాతానికి తగ్గించింది. వడగళ్ళకు నలభై శాతం మామిడి రాలిన తోట 2014 జాబితాలో లేదు, అదే తోట అదే నష్టంతో 2016లో ఉంటుంది.